దగ్గే బండ

ఆ సరస్సులో ఎక్కడైనా గాలం వేయొచ్చుగానీ తూర్పు ఒడ్డున, దేవదారు చెట్ల కిందున్న నల్లబండ దగ్గర మాత్రం పొద్దుగూకాక ఎవరూ వేయరు. వేసవి రాత్రుల్లో ఆ బండ దగ్గుతుందట. మునిగిపోయినవాడు ఊపిరితిత్తుల్లోని నీళ్ళు కక్కుతున్నట్టు... ఖళ్ళు ఖళ్ళున.

ఎవరి దగ్గో కూడా ఊరికి తెలుసు. ఊళ్ళో చేపలు పట్టుకు బతికే సెక్కూ ఉన్నాడే, వాళ్ళ అన్న హమ్మాదిది. కొన్నేళ్ళ కిందట ఒక వేసవి సాయంత్రం తండ్రీ, హమ్మాదీ పడవెక్కి చేపలకు వెళ్ళారు. గాలివానకి పడవ తిరగబడింది. మర్నాడు తండ్రి శవం తేలింది. హమ్మాది తేలనే లేదు. ఏడాది తిరిగాక, విధవరాలైన వదిన తూదాని పెద్దలు సెక్కూకే ఇచ్చి నిఖా చేశారు. అన్న కొడుకు ఇప్పుడు సెక్కూనే నాన్నా అంటాడు.

అలాంటి సెక్కూకి ఆ బండ దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం ఏమొచ్చిందంటే — ఎండలు.

ఆ ఏడు అట్లాస్ కొండల్లో కూడా నిప్పులు కురిశాయి. నీళ్ళు వేడెక్కిపోయి వలలో బంగారుతీగలూ ముళ్ళచేపలూ తప్ప ఏమీ పడటంలేదు. సత్రం నడిపే మిమూన్ ముసలాయన బుట్టలోకి తొంగిచూసి మూతి విరిచాడు.

"మళ్ళీ ఇవేనట్రా? పట్నం నుంచి వచ్చినవాళ్ళకి చుక్కల ట్రౌట్ చేపలు కావాలి. ఈ బురదచేపల్ని నువ్వే వండుకు తిను!"

"ఈ వేడికి ట్రౌట్ పైకి ఎక్కడొస్తుంది బాబాయ్?"

"రాత్రిళ్ళు చల్లటి ఊట ఎక్కడుందో అక్కడికి మేతకొస్తుంది. ఆ నల్లబండ కింద ఊట ఉందని నీకు తెలీదా? తెలుసు. భయం!" అని నవ్వాడు. టీ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు.

ఆ నవ్వే పొడిచింది.

ఆ రాత్రికి బండ దగ్గరికి వెళ్తానని తూదాకి చెప్పాడు. ఆమె వద్దనలేదు. "చలేస్తుంది, ఉన్ని జుబ్బా వేసుకెళ్ళు," అంది. అంతే.

సెక్కూ బిస్మిల్లా అనుకుని బండ ఎక్కాడు. చంద్రుడు కొండ వెనకే ఉన్నాడు. నీళ్ళు నల్లగా, కదలకుండా... వానపాముని గుచ్చి గాలం విసిరాడు. కూర్చున్నాడు. ఒక్క చేప ముట్టలేదు. కొండమీద కోతి ఒకటి అరిచి ఊరుకుంది.

అప్పుడు వినపడింది.

ఖళ్ళు... ఖళ్ళు...

వీపు వెనక. బండ కిందినుంచి.

సెక్కూకి తెలిసిన దువా ప్రార్థనలన్నీ ఒక్కసారే నోట్లోకొచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు. దగ్గు ఆగింది. చీకట్లోంచి గొంతు — మెల్లగా, బొంగురుగా —

"గాలానికి సీసం తక్కువ కట్టావురా. చేపలు అడుగున ఉన్నాయి."

ఆ గొంతు సెక్కూకి గాలం కట్టడం నేర్పిన గొంతు.

"అన్నా... నువ్వు... చచ్చిపోయావు కదా..."

"చెయ్యి పట్టుకుని చూడు."

పట్టుకున్నాడు. ఎముకలు తగిలాయి. వెచ్చగా ఉంది.

హమ్మాది అతని పక్కనే కూలబడ్డాడు. కొండ దాటిన వెన్నెల్లో చూస్తే, గడ్డం నెరిసిపోయింది.

"పడవ తిరగబడ్డప్పుడు నాన్న నా కాలు పట్టుకున్నాడు. ఇద్దరం మునిగిపోతున్నాం. నేను..." దగ్గు తెర వచ్చి ఆగింది. "విదిలించుకున్నాను. తన్ని మరీ విదిలించుకున్నాను. ఆ మొహంతో అమ్మ దగ్గరికి ఎలా వచ్చేదిరా? కొండ దాటి వెళ్ళి ఎవరివో గొర్రెలు కాసుకున్నాను."

"అమ్మ పోయింది."

"తెలుసు. మోసుకెళ్తుంటే కొండమీంచి చూశాను."

"ఒక్కసారైనా ఇంటికి రావాలనిపించలేదా?"

"వచ్చాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల నువ్వేదో అన్నావు. తూదా నవ్వింది." హమ్మాది నీళ్ళవైపు చూశాడు. "నా దగ్గర ఎప్పుడూ అట్లా నవ్వలేదు."

ఇప్పుడు ఇంటికి రా అన్నా, అనాలి. సెక్కూకి తెలుసు, అనాలని. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. దాని వెనకే, నాన్నా అని మెడకి వేలాడే పిల్లాడు, పొయ్యి దగ్గర తూదా... ఆ మాట మింగేశాడు.

"మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోతావు?" అన్నాడు.

హమ్మాది అతనివంక చూశాడు. నవ్వబోతే దగ్గొచ్చింది.

"ప్రతి ఏడులాగే, చలి మొదలవగానే పోతాలే. జనానికి దెయ్యమనే చెప్పు. నాకూ మంచిది, నీకూ మంచిది."

లేచి వెళ్ళి, నీళ్ళలో కట్టి ఉంచిన తాడు లాగాడు. మొప్పలకి గుచ్చిన ట్రౌట్‌లు తళతళా కొట్టుకుంటున్నాయి. తాడు తమ్ముడి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా చెట్లలోకి నడిచాడు. చాలాదూరం దాకా దగ్గు వినపడుతూనే ఉంది.

సెక్కూ ఆ చేపలు వదిలేయలేదు. తీసుకునే వచ్చాడు.

తెల్లారుతుండగా ఇల్లు చేరాడు. తూదా పెనంమీద రొట్టె కాలుస్తోంది. చేపల్ని గడప దగ్గర పడేసి, గోడకి చేరబడ్డాడు. అన్నాడు —

"జనం చెప్పేది నిజమే. దెయ్యమే... కళ్ళారా చూశాను."

తూదా రొట్టె తిరగేసింది. ఇటు తిరగకుండానే అంది:

"అయితే ఈ ఏడు కాస్త ముందే వచ్చాడన్నమాట."