ఖాళీ ఫైళ్ల పగ

"తప్పు నాదేనని సాయంత్రంలోగా మేనేజరుగారికి రాసివ్వాలట. లేకపోతే పోలీసులకి అప్పగిస్తారట!" రంగుల గోడౌన్‌లో సర్వర్ చూసే అమ్మాయి, కూర్చోకుండానే ఏడ్చేసింది.

డిటెక్టివ్ మంచినీళ్లిచ్చింది. అసిస్టెంటు ఆమెకు స్వయానా మరిది. వదిన మాటంటే అతనికి వేదవాక్కు.

"సర్వర్ నత్తనడక నడుస్తోందండీ. బిల్లు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. లారీలన్నీ గేటు దగ్గరే ఆగిపోయాయి. చూస్తే ఒకే ఫోల్డర్‌లో లక్షల ఖాళీ ఫైళ్లు, అన్నీ నా లాగిన్ పేరుతోనే! డిస్కేమో సగం ఖాళీ."

"ఖాళీవైతే నెమ్మదెందుకు వదినా?"

"లోపల ఏమీ లేకపోయినా, లక్షల కవర్లలో మన కవరు వెతకాలి కదా మరిదిగారూ!" అని ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"చేరినప్పుడు సీనియర్ అన్న పెట్టిచ్చిందే. పని నేర్పిన మనిషి ఇచ్చింది మారిస్తే బాగోదని అలాగే ఉంచేశా."

"ఇంటినుంచి సర్వర్‌లోకి వెళ్లొచ్చా?"

"కుదరదండీ, సర్వర్ గదిలో కూర్చోవాల్సిందే. పాపకి జ్వరమని నేను సెలవులో ఉన్నప్పుడు కూడా ఫైళ్లు పెరిగాయి. మేనేజరుగారు వింటేగా! హాల్లో అందరిముందూ నన్ను దొంగనేశారు."

ఆ మేనేజరుకి కోపం ముక్కుమీదే ఉంటుంది, వినడం ఎక్కడ తెలుసు?

సాయంత్రం సర్వర్ గదిలో అందర్నీ నిలబెట్టి డిటెక్టివ్ విషయం విప్పింది. "సెలవులో ఉన్న మనిషి ఈ గదిలోకి రాలేదు. ఆమె లేనప్పుడు గది తాళాలు మేనేజరుగారి దగ్గర, సీనియర్ దగ్గర మాత్రమే ఉంటాయి. మేనేజరుగారికి కంప్యూటర్ ఆన్ చేయడమే రాదు. ఈమె పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి సీనియర్ ఒక్కడే."

సీనియర్ బుకాయించలేదు. "అవును, నేనే! మా తమ్ముడు ఈ గదిలోనే పనిచేసేవాడు. పనిలో నెమ్మదని అందరిముందూ మెడపట్టి గెంటించాడీ మేనేజరు. వాడు ఆనాటినుంచి ఇల్లు కదల్లేదు. నెమ్మదంటే ఏంటో ఈయనకి చూపించా. నా కసి తీరింది!"

"మధ్యలో నన్నెందుకన్నా?" అంది అమ్మాయి.

"వాడి కుర్చీలో కూర్చున్నావు."

"అక్కడ ఎవరుండేవారో నాకెవరు చెప్పారు? పని నేర్పుతూనే నా గొంతు కోశావే!"

అతను అప్పుడు తల దించుకున్నాడు.

మేనేజరు చేతులు దులుపుకున్నాడు. "వీణ్ణి పోలీసులు చూసుకుంటారు. నువ్వెళ్లి ఆ ఫైళ్లు తీసెయ్యమ్మా."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "నన్ను దొంగన్న హాల్లోనే, అందరిముందూ నాకు క్షమాపణ చెప్పండి. సీనియర్ అన్న తమ్ముణ్ణి కూడా పిలిపించి, అతనికీ చెప్పండి."

"లారీలు ఆగిపోయాయమ్మా!"

"ఆగనివ్వండి," అని ఆమె కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది.