తాయారు సర్దిన సంచి

పొద్దున్నే చోడి అంబలి గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నాడో లేదో, నరసింగరావుకి ఎదురుగా టీవీలో రాక్షసుడి కడుపు పగిలింది. పగిలి ఊరుకుందా, అందులోంచి చీములాంటి పచ్చటి రసం బొళబొళా కారి నేలంతా పరుచుకుంది. ఆ రసంలో జారుకుంటూ ఇద్దరు బొమ్మ మనుషులు వాడిని ఇంకా పొడుస్తూనే ఉన్నారు. నరసింగరావు గ్లాసు కింద పెట్టేశాడు. నంజుకుందామని కోయించుకున్న ఉల్లిపాయ పళ్లెంలోనే ఉండిపోయింది.

పొడుస్తున్నది వీధిలో పిల్లలైతే అంత రోత పుట్టేది కాదు. పొడుస్తున్నది అతని పెళ్లాం తాయారు. నెరిసిన జుట్టు ముడేసుకుని, కొంగు బొడ్లో దోపుకుని, చెవులకి డిప్పల్లాంటివి తగిలించుకుని, ఆట రిమోటు రెండు చేతులా పట్టుకుని మంచం మీద కూర్చుంది. మనవల్ని ఆడించాల్సిన వయసులో ఈ నరుకుడేమిటో అతనికి అంతుపట్టలేదు. మధ్యమధ్య పెదవులు కదిపి ఏదో గొణుక్కునేది కూడాను. పిచ్చి ముదిరితే ఇలాగే ఉంటుందనుకున్నాడు.

సాలూరులో లారీలున్న ఇళ్లలో అతనిదొకటి. మొన్నమొన్నటి దాకా తెల్లారకుండానే లారీ ఆఫీసుకి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. కాలికి షుగరు పుండు లేచాక డాక్టరు కదలొద్దన్నాడు. లారీలన్నీ తమ్ముడి కొడుకు నరేష్ చూసుకుంటున్నాడు. అలా ఇంట్లో కూర్చోవడం మొదలెట్టాకే పెళ్లాం పొద్దుటి భాగోతం అతని కళ్లపడింది.

ఆ ఆట పెట్టె కూతురు దుర్గాభవానిది. కంప్యూటరు ఉద్యోగం ఇంట్లోంచి చేసుకున్న రోజుల్లో కొనుక్కుని, తోడు కావాలని తల్లికి కూడా నేర్పింది. తల్లీ కూతుళ్లు గదిలో కూర్చుని నవ్వుకుంటుంటే అప్పట్లో అతను పట్టించుకోలేదు. ఆ పిల్లే ఒకరోజు రాంబాబుని చేసుకుంటానని చెప్పింది. రాంబాబు తండ్రి జగన్నాధం ఒకప్పుడు నరసింగరావు లారీ మీద క్లీనరు. కొడుకు చదువుకున్నాడనీ, విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడనీ ఎందరు చెప్పినా నరసింగరావు తలకెక్కలేదు. చక్రాలకంటిన పేడ కడిగినవాడితో వియ్యమా అనుకుంటేనే అతనికి ఒళ్లంతా ఏదో పాకినట్టయింది.

పిల్ల గుడిలో పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అతను వెళ్లలేదు, ఎవరినీ వెళ్లనివ్వలేదు. ఆ సాయంత్రం తాయారు చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని, ఇక దానితో ఫోన్లో మాట్లాడనని ఒట్టు వేయించుకున్నాడు. తాయారు వేసింది. ఆనాటి నుంచి ఆవిడ ఫోన్లో భవాని పేరు మోగలేదు. ఆ సంగతి అతను కనిపెట్టుకునే ఉన్నాడు.

కూతురి మీద బెంగతో ఆ పెట్టె పట్టుకుని వేలాడుతోందని మొదట్లో జాలిపడ్డాడు. రోజూ చూశాక జాలి పోయి ఏవగింపు మిగిలింది.

చూడకూడదనుకుంటూనే చూసేవాడు. కాలు చాపుకుని కూర్చున్నవాడికి ఇంకేం పని? చూడగా చూడగా ఆట కొంత బోధపడింది. ఒక్కో కోట గుమ్మం ముందూ ఒక సంచి తెరుచుకుంటుంది. లోపలున్న రాక్షసుణ్ణి బట్టి సామాను సర్దుకోవాలి. నిప్పు కక్కేవాడికి తడి తోలు కవచం, తాటిచెట్టంత వాడికి పొడుగు బల్లెం, గుంపుగా మీదపడే పిల్ల రాక్షసులకి గండ్రగొడ్డలి. విషానికి విరుగుడు సీసాలు వేరే. అలాగని అన్నీ కుక్కుకుంటే కుదరదు. బరువు గీత దాటితే మనిషి పరుగెత్తలేడు, పక్కకి దొర్లి దెబ్బ తప్పించుకోలేడు.

అతనికి మరింత వెగటు పుట్టించింది తాయారు సర్దే తీరు. తన బొమ్మ సంచిలోంచి బల్లెం తీసి రెండో బొమ్మకి ఇచ్చేది. ఆ రెండోది ఎర్ర బట్టలు కట్టిన జడపిల్ల. గొడ్డలి దానికే. డాలు దానికే. సీసాలన్నీ దాని నడుముకే. తనకి మాత్రం ఒక కర్ర ఉంచుకునేది. ఆ కర్ర పట్టుకుని కోటలోకి నడిచేది. చిన్నా చితకా వాళ్లని ఎలాగో గెలిచేవారు గానీ, పెద్ద గుమ్మం వెనకున్నవాడి దగ్గరికొచ్చేసరికి వాడు ముందు తాయారునే నోట్లో వేసుకుని నమిలేవాడు. ఆ నమిలే చప్పుడుకి నరసింగరావు ముఖం తిప్పుకునేవాడు. మర్నాడు మళ్లీ అదే గుమ్మం, మళ్లీ అదే కర్ర.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు, ఆ డాలు నువ్వు పెట్టుకుంటే నీ సొమ్మేం పోయిందని.

"దానికి కావాల మావా," అంది తాయారు తల తిప్పకుండానే.

బొమ్మకేం కావాలే అని అతను విసుక్కుంటే, ఆవిడ ఇంకో సీసా జడపిల్ల నడుముకి తగిలించింది.

ఆ గురువారం నరేష్ లారీ ఓనర్ల సంఘం పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. కాలెలా ఉందో చూసి, సంఘం సంగతులు నాలుగు మాట్లాడదామని వచ్చారు. నరసింగరావు చొక్కా తొడుక్కుని, తాయారు ఆడుతున్న హాల్లోనే వాళ్లని కూర్చోబెట్టాడు. టీ పెట్టమని తాయారుకి సైగ చేశాడు. ఆవిడ చూడలేదు. దగ్గాడు. ఆవిడ వినలేదు. ఇంతలో టీవీలో రాక్షసుడు లేచాడు.

"ఒలే, నువ్వెనక్కి పో. నానున్నాను గదా, నన్ను తింటే తిననీ," అని తాయారు అరిచింది.

వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వు ఆపుకోలేక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రెండో ఆయన, మా ఇంట్లోనూ చిన్నాడు ఇలాగే ఆడతాడని సర్దిచెప్పబోయాడు. ఆ సర్దుబాటే నరసింగరావుకి ఎక్కువ గుచ్చుకుంది. టీ తాగకుండానే ఇద్దరూ లేచి వెళ్లారు. నరేష్ మాత్రం గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

నరసింగరావు కుంటుకుంటూ మంచం దగ్గరికి వెళ్లి, తాయారు చెవుల డిప్పల తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తీగ ఊడి చేతికొచ్చింది. అంతవరకూ ఆవిడ చెవుల్లోకే పోయిన గొంతు టీవీలోంచి హాలంతా వినిపించింది.

"అమ్మా, మల్లీ అన్నీ నాకే ఎట్టీసావేటి? బరువైపోయి కదల్లేకపోతన్నాను. ఆ డాలు నువ్వు తీసుకో. నువ్వు ముందుండి కాసుకుంటే, నాను ఎనకాల్నించి బల్లెంతో పొడుస్తాను. అలగైతేనే ఈడు సస్తాడు. ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

భవాని గొంతు. ఆ గొంతు ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్లయిందో.

నరేష్ వంగి చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. ఇంటికి నెట్టు పెట్టించింది వాడే. వాడికి తెలుసన్నమాట. బహుశా వీధందరికీ తెలుసు. తెలియనిది తనొక్కడికే.

"ఒట్టేసేవు," అన్నాడు నరసింగరావు. "నా నెత్తి మీద సెయ్యెట్టి."

"ఫోన్లో మాటాడనని ఏసేను. మాటాడలేదు," అంది తాయారు. "ఇది ఫోను కాదు."

అతనికి నోట్లో ఉమ్మి ఊరింది. తన ఇంట్లో, తన ఎదురుగానే రోజూ ఇంత జరిగింది. ఆ రాక్షసుడి రసం కంటే ఇది ఎక్కువ అసహ్యమనిపించింది.

"థూ," అన్నాడు. "లారీ కడిగినోడి కోడలి గొంతు నా నట్టింట్లోకి తెచ్చేవు. ఆల్లింటి మురికంతా తెచ్చి నా నెత్తిన పోసేవు."

తాయారు రిమోటు ఒళ్లో పెట్టుకుంది. పెళ్లయిననాటి నుంచి ఆవిడ మొగుడికి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"మావా, ఈ వీధిలో ఉత్త సేతుల్తో అత్తోరింటికి ఎల్లిన ఆడపిల్ల ఉన్నాదేటి? పక్కింటి ఈశ్వరి ఇడ్లీలమ్ముకున్న మనిసి. అదీ కూతురికి సారె కావిడి అంపింది. సలివిడి, అరిసెలు, పసుపు, కుంకం. అత్తోరి వీధిలో గడపగడపకీ పంచితే, ఈ పిల్లకి ఎనకాల పుట్టిల్లున్నాదని అందరికీ తెలిసింది. మన పిల్ల గుడికాణ్ణించి ఆటో ఎక్కి పోనాది. దాని సేతిలో నాను పసుపుకొమ్ము ముక్కైనా ఎట్టలేదు."

తాయారు టీవీ వైపు చెయ్యి చూపించింది.

"నాకీ సంచొక్కటే దొరికింది. ఇందులో మంచిదేది కనబడితే అది దానికెట్టుకుంటన్నాను. ఓడిపోతామని నాకూ తెలుసు. ఓడిపోతే పోనీ. అంపకుండా ఉండలేకపోతన్నాను."

నరసింగరావు టీవీ వైపు చూశాడు. తాయారు బొమ్మ నేలకూలి ఉంది. పక్కన జడపిల్ల నిలబడి ఉంది. వీపున బల్లెం, దాని మీద డాలు, భుజాన గొడ్డలి, నడుము చుట్టూ సీసాలు. తల్లి పెట్టినదంతా మోసుకుని, పెద్ద లోడుతో ఘాటీలో దిగబడిన బండిలా, ఒక్క అడుగు కోసం ఆయాసపడుతోంది. రాక్షసుడు తొందరేమీ లేనట్టు నడిచి వస్తున్నాడు. వచ్చి దాన్ని కూడా నమిలాడు. ఈసారి అతను ముఖం తిప్పుకోలేకపోయాడు.

తర్వాత టీవీలోంచి చిన్న గొంతు వచ్చింది.

"అమ్మా, నాన్నున్నాడా అక్కడ?"

తాయారు మొగుడి వైపు చూసింది.

"ఇన్నాను," అంది భవాని. తీగ ఊడినా రిమోటులో ఉన్న మైకు ఇంటి మాటలన్నీ అక్కడికి మోసింది. "మావయ్య కూడా ఇక్కడే కూకున్నాడు. ఆయనా ఇన్నాడు."

నరసింగరావుకి నోరు చేదెక్కింది. ఇన్నాళ్లూ ఆ టీవీలో కారేదాన్ని చూసి డోకు పుట్టిందనుకున్నాడు. ఇప్పుడు తన నోట్లోంచి కారింది ఆ ఇంటి నట్టింట్లో పడి ఉంది. దాన్ని ఎత్తి పోసేవాళ్లెవరూ లేరు. తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

అటునుంచి మగ గొంతు వినిపించింది. ముసలిదైపోయినా పోల్చుకోగలిగాడు.

"లారీ కడిగినోడినే బాబూ. అబద్దమేటీ లేదు," అన్నాడు జగన్నాధం. "బాగానే కడిగీవాణ్ణి గదా, ఒక్కరోజైనా తిట్టలేదు నువ్వు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నరసింగరావు ఏదో ఒకటి అనేవాడే. ఆ మనిషి చిన్నగా నవ్వుతున్నాడు కూడా. కాలు సలుపుతోందో, మరేమయిందో గానీ, నరసింగరావు మంచం పట్టె పట్టుకుని తాయారు పక్కన కూలబడ్డాడు.

తెర మీద మళ్లీ కోట గుమ్మం వచ్చింది. సంచి తెరుచుకుంది. ఎవరూ ఏమీ సర్దలేదు.

నరసింగరావు జడపిల్ల బొమ్మని వేలితో చూపించాడు.

"దాని మీదున్న బరువు ఎలగ దించాలి?" అని పెళ్లాన్ని అడిగాడు.

జవాబు టీవీలోంచి వచ్చింది.

"నానే దించాలి నాన్నా. నాను పంపితే అమ్మ తీసుకోవాల. ఎప్పుడు పంపినా ఒద్దంటాది."

"ఈసారి అనదు. పంపు."

డాలు వచ్చింది. తాయారు వేలు మీట మీద ఆగిపోయింది. నరసింగరావు ఆ వేలి మీద తన వేలు పెట్టి నొక్కాడు. డాలు తాయారు బొమ్మ చేతికెక్కింది. తర్వాత గొడ్డలి వచ్చింది. సీసాల్లో సగం వచ్చాయి. జడపిల్ల దగ్గర బల్లెం, సగం సీసాలు మిగిలాయి. బరువు గీత ఎరుపు వదిలింది. ఆ పిల్ల బొమ్మ ఉన్నచోటనే ఒకసారి గెంతి చూసుకుంది. భవాని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు గానీ, ముక్కు చీదిన చప్పుడు మాత్రం హాల్లో అందరికీ వినబడింది.

తాయారు ముందు నిలబడి డాలుతో కాసింది. దెబ్బ మీద దెబ్బ పడింది గానీ పడిపోలేదు. వెనక నుంచి బల్లెం వచ్చి రాక్షసుడి డొక్కలో దిగింది. మళ్లీ అదే పచ్చ రసం, అదే చీము. గుమ్మం దగ్గరున్న నరేష్ ఈల వేయబోయి, పెదనాన్న ముఖం చూసి మానుకున్నాడు.

"రోతెదవ ఆట," అన్నాడు నరసింగరావు. నిజంగానే అతనికి ఇంకా రోతగా ఉంది. అయినా మంచం మీంచి లేవలేదు.

అటువైపు ఎవరో పిల్లని భోజనానికి పిలిచారు. ఉంటానమ్మా అంది భవాని. ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని నరసింగరావుకి కంగారు పుట్టింది.

"ఉండు," అన్నాడు. తర్వాత, ఆ ఇంట్లో ఎవరూ అతని నోట ఎన్నడూ వినని పిలుపు ఒకటి బయటికొచ్చింది. "బావా."

జగన్నాధం తనని కాదనుకున్నట్టున్నాడు.

"నిన్నే జగన్నాధం బావా. మీ వీధిలో గడపలెన్నున్నాయి?"

"ఎందుకు బాబూ?"

"సెప్పు. మా ఇంటి సారె గడపగడపకీ ఎల్లాల. ఏ గడపా తప్పిపోకూడదు."

జగన్నాధం ఎదురింటి నుంచి మొదలెట్టి ఒక్కొక్క ఇంటివాళ్ల పేరూ చెప్పడం మొదలెట్టాడు. మధ్యలో ఒక పేరు తట్టకపోతే భవాని అందుకుంది. నరసింగరావు వేళ్లు ముడుచుకుంటూ వింటున్నాడు. తాయారు రిమోటు మంచం మీద పెట్టి లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, అరిసెలకి బియ్యం నానబెట్టడానికి వంటింట్లో పెద్ద గిన్నె వెతకసాగింది.