మూడుసార్లు ఆగిన కారు

"దీన్ని మ్యూజియంలో పెట్టాలి గానీ కార్లో పెట్టారేటండీ?" అంది హేమశ్రీ, బానెట్ ఎత్తి చూసి.

గాజువాకలో అర్జునరావు గ్యారేజీలో ఇంజిన్ కంప్యూటర్ల పని ఆమెది. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆడపిల్లకి ఇంజిన్ ఏం తెలుస్తుందని మొహం చిట్లించినవాళ్ళకి కారు స్టార్టు చేసి జవాబు చెప్పడం అలవాటు.

ఎదురుగా నాగవంశీ. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతను కొన్న పాత కారులో, మొదటి ఓనరెవరో అసలు కంప్యూటర్ పీకేసి బయట కొన్నదొకటి బిగించాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి పదేళ్ళయింది.

"రేసులకి వాడిన కారండి ఇది," అన్నాడు గర్వంగా.

"జంక్షన్ నుంచి తోసుకొచ్చారు గదా, ఎన్నో ప్లేసొచ్చింది?"

అతను నవ్వాడు. నవ్వు బాగుంది. అందుకే హేమశ్రీకి ఒళ్ళు మండింది.

వంశీ ఎప్పుడో పూర్ణా మార్కెట్లో గాలించి కొన్న పాత లాప్‌టాప్‌తో తప్ప ఆ కంప్యూటర్ మాట వినలేదు. విన్నాక, ఇంజిన్ వేడి మైనస్ ఇరవై డిగ్రీలని చెప్పింది.

"మనకి సెమటలు కారతన్నాయి. మీ ఇంజిన్ హిమాలయాల్లో ఉందండి."

ఉప్పుగాలికి సెన్సర్ వైరు తుప్పుపట్టింది. ఇంజిన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు గుమ్మరిస్తోంది. పైగా వంశీ ఏవో వీడియోలు చూసి అందులో పెట్రోలు కొలతల అంకెలన్నీ మార్చిపారేశాడు.

"వాళ్ళు చెప్పినట్టే చేశానండి."

"ఆళ్ళు మీ కారు సూసేరేటి?"

వైరు మార్చి, అంకెలు సరిచేయడానికి భీమిలి రోడ్డెక్కారు. అతను నడుపుతుంటే ఆమె ఒళ్ళో లాప్‌టాప్. అద్దం మీద సన్నటి వాన.

"రోడ్డు సూడండి."

"లాప్‌టాప్ చూస్తున్నానండి."

"లాప్‌టాప్‌కి జడుంటాదేటి?"

కారు బాగుపడింది. పది రోజులకి మళ్ళీ ఆగింది. బాగుచేసింది. వారానికి మళ్ళీ ఆగింది.

అర్జునరావు మొహం మాడ్చుకున్నాడు. "ఒకే కారు మూడుసార్లేటమ్మా? సోమవారం నుంచి నీ పని నూకాలు సూత్తాడు. నువ్వు ఫోన్లెత్తు."

ఆ పని దక్కడానికి హేమశ్రీకి నాలుగేళ్ళు పట్టింది. అన్నం కూడా తినకుండా వైరు వైరూ తడిమింది. అన్నీ బాగున్నాయి. చివరికి తాను సరిచేసిన అంకెలకి దాచుకున్న కాపీ తెరిచి, కారులో ఉన్నదాంతో పోల్చింది. నాలుగంటే నాలుగు అంకెలు తేడా. ఇంజిన్ పాడవకుండా, సిగ్నల్ దగ్గర మాత్రం ఆగిపోయేలా, ముచ్చటగా మార్చినవి.

"ఎవరు మార్చారండీ?" అంది, బల్ల పక్కనే నిలబడ్డ వంశీతో.

"పాత కంప్యూటర్ కదండీ, దానంతటదే..."

"దానంతటదేనా? దానికేటి, నామీద మనసైందా?"

"దానికి కాదండి."

హేమశ్రీ లాప్‌టాప్ టప్పున మూసింది. తరవాత కళ్ళు చెమర్చాయి.

"మీ సరదాకి నా పని పోతంది. తెలుసా?"

వంశీ తిన్నగా అర్జునరావు దగ్గరికి నడిచాడు. మెకానిక్కులందరూ వింటూండగా చెప్పాడు: "తప్పు ఆవిడది కాదండి. ఆవిడ బాగుచేసిన కారుని రెండుసార్లూ నేనే పాడుచేశాను. ఊరికే వచ్చి మాట్లాడే ధైర్యం లేక."

నూకాలు చేతిలో పానా జారిపడింది.

"ఓర్నాయనో! టీకి పిలిత్తే పోయీది గదా బావా!"

అందరూ పగలబడి నవ్వారు. అర్జునరావు కూడా నవ్వాపుకోలేక, "నీ బల్ల నీదేనమ్మా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

హేమశ్రీ నవ్వలేదు. ఆ నాలుగు అంకెలూ సరిచేసి, తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"ఆదివారం మా ఊరు రండి. నాకు సెప్పింది మా అమ్మకి సెప్పండి. ఈసారి మాత్రం నిజం సెప్పాల."

ఆదివారం హేమశ్రీ తల్లి రామలక్ష్మమ్మ వాకిట్లో వడియాలు పెడుతూ తలెత్తింది.

"ఎవరు బాబూ? ఏటి పని?"

దారి పొడవునా అనుకున్న మాటలన్నీ వంశీకి ఎగిరిపోయాయి.

"మీ అమ్మాయంటే ఇష్టమండి."

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. రామలక్ష్మమ్మ అతన్ని కిందా మీదా చూసి, చేతులు కడుక్కుంది.

"అయితే బయటేటి నిలబడ్డావు? సెప్పులిప్పి లోనికి రా నాయినా."