పిట్ట ముట్టని విస్తరి

ఎడపల్లి చెరుకు రైతు ముత్తన్నకు సాయంత్రం పూట మోతీని తిప్పుకురావడం పదమూడేళ్ల అలవాటు. ఒకప్పుడు కుక్క ముందు ఉరికేది, ఆయన వెనక నడిచేవాడు. ఇప్పుడు దానికి ఒక కన్ను పోయింది, వెనక కాళ్లు ఈడుస్తోంది. పైగా ఎనిమిది రోజులుగా మెతుకు ముట్టలేదు. కడుపు మాత్రం కుండలా ఉబ్బింది.

ఎందుకో ముత్తన్నకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు, అంతే.

అన్న లింబయ్య కల్లు మత్తులో బెల్లం బట్టి పక్కనున్న మడ్డిగుంటలో పడి చచ్చిపోయాడు. చెరుకు పాలు కాగేటప్పుడు తీసిన మురికంతా పోసే గుంట అది. మూడో రోజు ఆ గట్టు మీదే పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, యాట మాంసం కూర, పక్కన దొప్పలో కల్లు. పిట్ట ముడితేనే పోయినవాడు తిన్నట్టు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క కాకి వాలలేదు. అందరూ దూరంగా నీడన కూర్చుని, చూడమని ముత్తన్నను గట్టు దగ్గర ఉంచారు. ఇంతలో మోతీ వచ్చి విస్తరంతా నాకేసింది. న్యాయంగా మళ్లీ వండి పెట్టాలి. కానీ ఆకలి రుచెరుగదంటారు, ముత్తన్న ఆకలి నిజం కూడా ఎరగలేదు. "పిట్ట ముట్టింది" అని అక్కడినుంచే కేకేశాడు ఈ పెద్దమనిషి. ఆ పూట అందరికంటే రెండు ముక్కలు ఎక్కువే తిన్నాడు.

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందని, కుక్కన్నా బతుకుతుందని, ఇవాళ తువ్వాలలో అన్నం, కూర మూటగట్టి చంకన పెట్టుకున్నాడు. మోతీతో గుంట వైపు నడిచాడు.

దూరంగా షక్కర్ కార్ఖానా కూత వినిపించి ఆగిపోయింది. చెరుకు ఆకుల మధ్య చీకటి పడుతోంది. పులిసిన మడ్డి కంపు ముక్కులో కాదు, నేరుగా నాలుక మీదే కూర్చుంది. గుంట మీద నల్లటి మీగడ, దాని నిండా ఈగలు.

"అన్నా... తప్పైంది" అన్నాడు గుసగుసగా. "నువ్ తినలే. గీ కుక్క తిన్నది. దీన్ని ఇడిసిపెట్టు."

గుంటలో ఒక బుడగ లేచి పగిలింది.

మోతీ ఒళ్లంతా విదిలించి కక్కింది. అన్నం... ఎనిమిది రోజుల కిందటి అన్నం. ఇప్పుడే వార్చినట్టు ఆవిరి లేస్తోంది. ముక్కలు నమలనట్టే ఉన్నాయి. వాటి మీద నల్లటి మడ్డి తీగలు తీగలుగా సాగుతోంది. ముత్తన్న ముక్కు మూసుకున్నాడు.

చెవి పక్కనే ఎవరో గుటక వేశారు.

"తమ్మీ... నాకంటె ముందు తిన్నవ్ గదా. గిప్పుడు నాతోని కూసో."

తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. తెలివొచ్చేసరికి ఇంటి దారిలో నడుస్తున్నాడు. మోతీ ముందు ఉరుకుతోంది. దాని కడుపు వీపుకు అంటుకుంది.

వాకిట్లో భార్య నాగవ్వ గంజి పోస్తే కుక్క గటగటా తాగింది. ఆమె మురిసిపోయింది. ముత్తన్న నిమరబోయాడు. పదమూడేళ్లలో మొదటిసారి మోతీ ఆయన మీద గుర్రుమంది.

నాగవ్వ దీపం ఎత్తి చూసింది.

"ఏడ తిన్నవ్? మూతి నిండ మెతుకులున్నయ్."

"తినలే..."

గోళ్ల సందున నల్లగా జిగురుంది. నోట్లో ఏదో పీచు పళ్లకు చిక్కుకుంది. గుట్టుగా తువ్వాల మూట తడిమి చూసుకున్నాడు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.