అట్టడబ్బా కాదు, ట్రబాంట్

స్టూడియో తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చేసరికి హెన్నింగ్ అప్పుడే షో ముగించి కాఫీ కలుపుకుంటున్నాడు.

"పొద్దున ట్రబాంట్ కారు గురించి వాగింది మీరేనా?" అని అడిగింది.

హెన్నింగ్ హాంబర్గ్ నుంచి జ్వికావు రేడియోకి వచ్చి రెండు నెలలే. పొద్దున్నే జనాన్ని నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు ఈ ఊళ్లోనే పుట్టిన పాత కారు మీద పడ్డాడు. అది అట్టడబ్బా అన్నాడు, వానకి నానిపోతుందన్నాడు, పక్కన మేకని కడితే సాయంత్రానికి చక్రాలే మిగులుతాయన్నాడు. బాగా పేలిందనే అనుకున్నాడు కూడా.

"ఫ్యాక్టరీ మూతపడేదాకా ఇరవై రెండేళ్లు ఆ కారు తలుపులు ప్రెస్సు మెషిన్లో నొక్కి తీసింది మా నాన్న. మీ మాటలు విని రేడియో కట్టేసి, టిఫిన్ వదిలేసి లేచిపోయాడు."

హెన్నింగ్‌కి సిగ్గేసింది. కానీ నోరు ఊరుకోదు కదా. అయితే వాన పడే రోజు చూసి ఒకసారి ఎక్కించండి, నేనే తేల్చుకుంటానన్నాడు.

"శనివారం వానట. ఫిష్టెల్‌బెర్గ్ కొండెక్కుదాం. పైకి చేరితే ఇదే మైకులో తప్పు ఒప్పుకోవాలి."

"చేరకపోతే?"

"చేరుతుంది," అని వెళ్లిపోయింది. పేరు ఇనెస్ అనీ, పళ్ల డాక్టర్లకి కట్టుడు పళ్లు చేసి ఇస్తుందనీ అతనికి తర్వాత తెలిసింది.

శనివారం అన్నట్టే వాన. ఇనెస్ తెచ్చింది వాళ్ల నాన్న లేత నీలం ట్రబాంట్, వయసులో ఆమె కన్నా పెద్దది. హెన్నింగ్ మోకాళ్లు గడ్డానికి తగిలేలా సర్దుకుని కూర్చున్నాడు. ఇంజన్ కోపమొచ్చిన కుట్టుమిషన్‌లా మొదలై వెనక నీలం పొగ కక్కింది. అతను పెదవి కొరుక్కున్నాడు.

"నవ్వొస్తే నవ్వండి," అంది ఇనెస్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కారేమీ అనుకోదు. అనుకునేది నేనే."

దారిలో ఆమె చెప్పుకొచ్చింది. ఆ రోజుల్లో సర్కారు కార్లకి ఉక్కు ఇవ్వలేదు. ఉక్కు లేదని చేతులు ముడుచుకోకుండా ఫ్యాక్టరీవాళ్లు పత్తి పీచుకి జిగురు పట్టించి, వేడి అచ్చులో నొక్కి తలుపులు తీశారు. అట్ట అనే మాట అక్కణ్ణుంచే పుట్టింది. కావాలంటే కొట్టి చూడమంది. హెన్నింగ్ పిడికిలితో తలుపు మీద కొట్టి, నొప్పితో చెయ్యి విదిలించుకున్నాడు. ఆమె తండ్రి ముంజేతుల మీద ఆ అచ్చుల కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయట. అతనికి ఇవేవీ తెలీవు. తెలిసిందల్లా జోకులే.

కొండ సగం ఎక్కాక, మలుపులో కారు దగ్గి ఆగిపోయింది.

పందెం గెలిచినట్టే. అయినా హెన్నింగ్‌కి ఓడిపోవాలనే ఉంది. పైకి మాత్రం, "ఆగిందిగా," అన్నాడు.

"ఆగదని నేనన్నానా?" అంటూ ఆమె దిగి బానెట్ ఎత్తింది. అతను పరుగున వెళ్లి ఆమె తలపై గొడుగు పట్టాడు. "నాకు కాదు, ఇంజన్‌కి పట్టండి," అని కసిరింది. స్పార్క్ ప్లగ్ విప్పి బ్రష్షుతో రుద్దింది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది, ముక్కు చివర వాన బొట్టు, బుగ్గ మీద మసి. హెన్నింగ్ ప్లగ్గునే చూడాలని చాలా ప్రయత్నించాడు.

"దీన్ని చేసినవాళ్లకి తెలుసు, జనానికి మెకానిక్కు దొరకడని," అంది ఆమె. "ఎవరికి వాళ్లే బాగుచేసుకునేలా చేశారు. మీ కారు ఆగితే ఏం చేస్తారు?"

"ఫోన్ చేస్తాను."

"ఎవరికి?"

"ఇక నుంచి మీకే."

ఆమె ప్లగ్ బిగించి బానెట్ దించేసింది. కానీ ఇంజన్ అందుకున్నాక గేరు వెయ్యడానికి రెండుసార్లు తడబడింది. కొండ కొసకి చేరగానే సంతోషంతో కేక పెట్టింది మాత్రం పందెం ఓడిన హెన్నింగే.

కిందికి దిగేటప్పుడు, మీ నాన్నగారిని కలవచ్చా అని అడిగాడు. ఆయన మీతో మాట్లాడడు అంది. ఫర్వాలేదు, క్షమించమని అడగడానికే వస్తున్నానన్నాడు.

ఆమె తండ్రి లోథార్ గుమ్మంలోనే నిలబడి, అతను చెప్పిందంతా విన్నాడు. తర్వాత కారు వైపు చూపించి, ఎప్పుడైనా ఇది నడిపావా అని అడిగాడు. లేదనగానే తాళం అతని చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. గేరు స్టీరింగ్ పక్కన ఉంటుందని చూపించాడు. మూడుసార్లు ఇంజన్ ఆగిపోయింది, వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. నాలుగోసారి కారు కుందేలులా దూకేసరికి లోథార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత చీకటి పడేదాకా ఆ ప్రెస్సుల సంగతులు చెబుతూనే ఉన్నాడు.

సోమవారం హెన్నింగ్ జోకులు వెయ్యలేదు. తను తెలియక వాగానని చెప్పి, శనివారం రికార్డు చేసుకున్న లోథార్ మాటలు పన్నెండు నిమిషాలు వినిపించాడు. మధ్యాహ్నం దాకా ఫోన్లు ఆగలేదు. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలివాళ్లంతా తమ మాట కూడా వినిపించమన్నారు.

మధ్యాహ్నం ఇనెస్ వచ్చింది, ఈసారి తలుపు తట్టి మరీ.

"రేడియోలో చెప్పనిది ఒకటి మిగిలింది," అన్నాడు. "నువ్వంటే నాకిష్టం, ఇనెస్."

"నన్ను 'మీరు' అనడం ఎప్పుడు మానేశావు?"

"కొండ మీదే మానేశాను. పైకి 'నువ్వు' అనడానికే ధైర్యం చాల్లేదు."

"నాకూ నువ్వు అక్కడే నచ్చావు," అందామె, చూపు దించి. "కానీ నాన్నకి ఆకలేస్తోంది, కింద కార్లో ఉన్నాడు. మనతో భోజనానికి వస్తాడట."

ఇద్దరూ మెట్లు దిగారు. తన కారులో ముందు సీటు ఎవరికీ వదలని లోథార్, ఆ రోజు వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.