నీటితోటలో కుళ్ళిన వేళ్ళు

ఆ తల్లి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాలుగింటికల్లా మా అమ్మాయిని పోలీసులకి పట్టిస్తారటండీ. మొక్కలకి విషం పెట్టిందట. దానికి చీమని చంపాలన్నా చెయ్యి రాదు."

డిటెక్టివ్ అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆయన దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న నెరిసిన జుట్టు సహాయకుణ్ణి అందరూ నోట్‌బుక్ అనే పిలుస్తారు. ఆ నోట్‌బుక్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మా సారు ఒప్పుకున్నారంటే సగం గండం గడిచినట్టేనమ్మా," అన్నాడు. మిగతా సగం సంగతేమిటని ఆమె గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంది.

కారులో నోట్‌బుక్ అడుగుతుంటే ఒక్కొక్కటే చెప్పింది. ఊరి చివర గోదాములో, మట్టన్నది లేకుండా తొట్లలో మందు కలిపిన నీళ్ళు పోసి ఆకుకూరలు పెంచుతారు. అక్కడ ఎండంటే దీపాలు, గాలంటే ఫ్యాన్లు. మూడేళ్ళుగా ఆ గదిని చూసుకునేది తన కూతురే. పది రోజులుగా మొక్కలు వాడిపోతున్నాయి. ఆమె చెబుతూనే ఉంది కానీ, కారు రెండో మలుపు తిరిగేసరికి మనసులో కూతురికి శిక్ష కూడా పడిపోయింది.

గోదాము గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. "అమ్మా, నువ్వెందుకొచ్చావే," అంది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది, మరి వదల్లేదు.

పెంపకం గది గోడలకి చల్లదనం బయటికి పోకుండా బెత్తెడు మందాన తెల్లటి స్పాంజి అతికించారు. లోపల నాలుగు ఫ్యాన్లు, ఏసీ, తొట్లలోకి గాలి ఊదే పంపు అన్నీ ఒకేసారి మోగుతున్నాయి. యజమాని అరిచి చెబితే తప్ప వినపడటం లేదు. "చూడండి. నాలుగొందల మొక్కలు."

డిటెక్టివ్ ఒక మొక్కని పైకి లాగాడు. వేళ్ళు గోధుమరంగులో జిగురుగా వేలాడాయి. మురిక్కాలవ వాసన కొట్టింది. మధ్యలో ఉన్న లేతాకుల అంచులు మాడినట్టున్నాయి. బయట వరండాలో మాత్రం ఒక అరలో చిన్న మొలకలు పచ్చగా కళకళలాడుతున్నాయి.

"వీటికి నీళ్ళెక్కడివి?" అని అడిగాడు బయటికొచ్చాక.

"ఆ తొట్లలోవేనండి. రోజూ పొద్దున్నే చెంబుతో ముంచి పోస్తాను," అంది కూతురు.

"గదిలో వేడి, తేమ ఎప్పుడెప్పుడు రాస్తావు?"

"పొద్దున్న ఎనిమిదింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి. పన్నెండు నుంచి అయిదు దాకా దుకాణాలకి ఆకులు ఇచ్చి రావడానికి బండిమీద వెళ్తాను. రెండు వారాల నుంచీ ఆరింటికి కూడా నీళ్ళు గోరువెచ్చగానే ఉంటున్నాయి. ఏసీ పాడైందేమోనని సూపర్‌వైజర్‌గారికి చెప్పాను. చూస్తానన్నారు."

సూపర్‌వైజర్ అంటే యజమాని బావమరిది. ఆఫీసు గదిలో గొంతు మాత్ర చప్పరిస్తూ కూర్చున్నాడు. మాట మాత్రం తేనెలా ఉంది.

"నా కళ్ళతో చూశానండీ. నీలం సీసా లోంచి తొట్టిలో పోసింది."

"అది నీళ్ళలో పులుపు సరిచేసే మందు," అంది కూతురు. "కొనిచ్చింది మీరే కదండీ."

"రోజూ పోస్తే మందు. ఆ రోజు ఏం పోశావో ఎవరికి తెలుసు?"

తల్లి కూతురి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇంత తియ్యగా మాట్లాడేవాణ్ణి కోర్టులో ఎవరు నమ్మరు?

"మధ్యాహ్నం ఆ గదిలోకి ఇంకెవరైనా వెళ్తారా?" అన్నాడు డిటెక్టివ్.

"ఎవరూ వెళ్ళరు," అన్నాడు సూపర్‌వైజర్. "వెళ్తే నాకు తెలిసిపోదూ? సూది కిందపడ్డా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది ఆ గది."

నోట్‌బుక్ రాసుకున్నాడు కానీ ఏం అర్థమైనట్టు లేదు. మూడుంబావు అయింది.

మూడున్నరకి అందర్నీ పెంపకం గదిలోకి పిలిచి, డిటెక్టివ్ గోడమీది స్విచ్చులు ఒక్కొక్కటే ఆపేశాడు. ఫ్యాన్లు ఆగాయి, ఏసీ ఆగింది, తొట్లలో బుడగలు అణిగిపోయాయి. తల్లికి తన ఊపిరి తనకే వినిపించింది.

"విషమే అయితే," అన్నాడు డిటెక్టివ్ మామూలు గొంతుతో, "అవే నీళ్ళు తాగిన మొలకలు కూడా చావాలి. చావలేదు. కాబట్టి తప్పు నీళ్ళలో లేదు, గదిలో ఉంది. వేళ్ళు కుళ్ళాయంటే నీళ్ళు వేడెక్కాయి, గాలి అందలేదు. లేతాకులు మాడాయంటే ఫ్యాను గాలి లేదు. అంటే రోజూ గంటల తరబడి ఏసీ, పంపు, ఫ్యాన్లు మూడూ ఆగిపోతున్నాయి. అదీ అమ్మాయి లేని వేళల్లో."

"ఎవరాపుతారండీ? ఎందుకు?" అన్నాడు యజమాని.

"ఎందుకో ఈ గోడల్నడగండి. స్పాంజి అతికించిన గది, చప్పుడన్నది లేకుండా చేస్తే రికార్డింగు స్టూడియోకి తీసిపోదు. ఎవరన్నది మీ బావమరిదిగారే చెప్పారు. ఈ గదిలో అరిస్తేగానీ మాట వినపడదు. ఆయనకి మాత్రం ఇది సూది పడ్డా వినిపించే గది. అన్నీ ఆపేసి కూర్చున్నవాడికి తప్ప ఇంకొకరికి ఆ సంగతి తెలీదు."

సూపర్‌వైజర్ నోట్లో మాత్ర ఆగిపోయింది.

"ఏరా?" అన్నాడు యజమాని.

"కథలు చదువుతాను బావా. రికార్డు చేసి ఆడియో పుస్తకాలవాళ్ళకి పంపుతాను. పేరు రాకముందే చెబితే నవ్వుతావని." తియ్యటి గొంతు పీలగా అయిపోయింది. "రోజుకో గంట చాలనుకున్నాను. తప్పు చదివితే మళ్ళీ మొదట్నుంచి చదవాలి. మొక్కలు పోవడం మొదలయ్యాక భయమేసింది."

"భయమేస్తే నా పిల్ల మీదికి నెడతావా నాయనా?" అంది తల్లి. అంత నెమ్మదిగా తను మాట్లాడగలనని ఆమెకే తెలీదు.

యజమాని ఫోను తీసి, పోలీసులు రానక్కర్లేదని చెప్పాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "తప్పయిందమ్మా," అన్నాడు గొణుగుతూ.

"నేను విషం పెట్టానని మీరన్నది పాకింగ్ గదిలో, ఆరుగురి ముందండీ," అంది కూతురు. "ఈ మాట కూడా అక్కడే చెప్పండి."

ఆయన వెళ్ళి చెప్పాడు. ఈసారి అందరికీ వినిపించేలా చెప్పాడు.

"పద, ఇంటికి పోదాం. ఈ ఉద్యోగం ఒద్దు, ఏమీ ఒద్దు," అని తల్లి చెయ్యి లాగింది. కూతురు ఆ చెయ్యి విడిపించుకుని స్విచ్చులన్నీ వేసింది. కత్తెర తీసుకుని మొదటి తొట్టి దగ్గర కూర్చుంది. "కుళ్ళిన వేళ్ళు ఇవాళే కత్తిరిస్తే సగమైనా బతుకుతాయమ్మా. నువ్వెళ్ళు."

తల్లి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. తడినేల మీద చతికిలబడి, కుళ్ళిన వేళ్ళు వెయ్యడానికి బుట్ట పట్టుకుంది. "మెల్లిగా," అంది చప్పుడుకి మించి అరుస్తూ, "వేలు తెగుతుంది."