కుళ్లని రసాలు

2093 మే నెల. నూజివీడు వీధుల్లో మచ్చుకైనా ఒక్క ఈగ లేదు. ప్రతి ఇంటి అలమరలోనూ మామిడిపండ్లు నిగనిగలాడుతున్నాయి. కొన్ని నిరుటివి, కొన్ని అయిదేళ్ల కిందటివి. ఏది ఏ ఏటిదో కోసినవాళ్లు కూడా చెప్పలేరు.

అంతా డాక్టర్ మృదుల కనిపెట్టిన ‘జన్యుమౌనం’ చలవే. ఒక శిలీంధ్రం మామిడి పూత మీదే చేరి, కాయ తొక్కలో నెలల తరబడి పడుకుంటుంది. కాయ మాగి తీపెక్కగానే దానికి మెలకువ వస్తుంది. దాని జన్యువులు కొన్ని పనిలోకి దిగి పెక్టినేజ్ ఎంజైములను తయారుచేస్తాయి. పండు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను అవి కరిగించేస్తాయి. ఇక నల్లమచ్చలు, నీరు కారడం, కుళ్లు. మృదుల చేసిన ఆర్‌ఎన్‌ఏ పిచికారీ ఆ జన్యువుల నోరు నొక్కేసింది. పండు సొంత ఎంజైములను కూడా ఆపేసింది.

ఆమె భర్త చక్రపాణి తోట మనిషి. నిరుడు ఇదే నెలలో చిన్నరసాల బుట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

“మృదూ, రా, కూర్చో. చెరో రెండు లాగించేద్దాం.”

“ఇప్పుడా? నాకు మీటింగుందండీ. అవేమన్నా పాడైపోతాయా ఏంటి!”

“నీ మందు నా కొంపే ముంచేలా ఉందే!” అని నవ్వాడు.

వారానికోసారైనా అడిగేవాడు. దసరా అయింది, కార్తీకం వెళ్లింది. ఆమెకు ఏ రోజూ తీరలేదు, తొందరా అనిపించలేదు. మాఘమాసంలో ఒక ఉదయం తోటకు బయల్దేరుతూ చక్రపాణి గుమ్మంలోనే కుప్పకూలిపోయాడు. మళ్లీ లేవలేదు. బుట్టలో పద్నాలుగు పండ్లూ అలాగే ఉన్నాయి.

పరామర్శకు వచ్చిన పక్కింటి హుస్సేన్‌బీ బుట్ట చూసి కళ్లొత్తుకుంది.

“మా ఇంట్లోనూ అంతే డాక్టరమ్మా. మా అక్కొచ్చినప్పుడు తిందామని దాచా. అక్క పోయింది, పళ్లున్నాయి. ఎనకటికైతే మచ్చ పడేలోపు నలుగురికీ పంచి తినేవాళ్లం. పండు పట్టుకుని ఒకరింటికి పోయి ఎన్నాళ్లయిందో!”

మృదుల ఇక ఆగలేకపోయింది. కర్మకాండ ముగిసిన మర్నాడే ప్రయోగశాలకు వెళ్లి ‘సహాయి’ అనే యంత్రమేధ ముందు కూర్చుంది. మూడు నెలల్లో విరుగుడు తయారైంది. శిలీంధ్రం జన్యువులను మళ్లీ నిద్ర లేపే పిచికారీ అది. డ్రోన్లతో ఊరూరా, ఇంటింటా చల్లడానికి ఫలసంరక్షణ మండలి ఒప్పుకుంది.

చల్లే రోజు పొద్దున్నే సహాయి చెప్పింది: “మినహాయింపు కోరుతూ పదకొండు వేల అర్జీలు వచ్చాయి డాక్టర్. అందరూ అడిగేది ఒక్కొక్క పండుకే.”

“ఒక్కటీ కుదరదు. ఊరుకుంటే ఈ జనం ఎప్పటికీ దాచుకుంటూనే ఉంటారు.” చదవకుండానే అన్నిటినీ తిరస్కరించింది.

ఇంటికొచ్చి, బుట్ట చంకన పెట్టుకుని వీధంతా పంచింది. హుస్సేన్‌బీ గుమ్మంలోనే నిలబడి మోచేతుల దాకా రసం కారేలా తింది.

బుట్ట అడుగున ఒక్కటి మిగిలింది. చేతికి మెత్తగా తగిలింది. కుళ్లు కాదు. రసాన్ని రెండరచేతుల మధ్య పిసికి, మెత్తబడ్డాక ఆమెకివ్వడం చక్రపాణికి పెళ్లయిన కొత్త నుంచీ అలవాటు. ఎప్పుడో ఆమె కోసం పిసికి, ఆమె రాకపోయేసరికి తిరిగి బుట్టలో పెట్టేశాడు. ఆయన బొటనవేలి నొక్కు తొక్క మీద చెక్కుచెదరలేదు.

వీధి మొదట్లో డ్రోన్ల చప్పుడు వినిపించింది. మృదుల ఆ పండును కొంగులో చుట్టుకుని లోపలికి పరుగెత్తి ఫోను అందుకుంది.

“సహాయీ! మా ఇల్లు వదిలెయ్యమను. ఒక్క పండు... ఒక్కటే!”

“కారణం ఏమని రాయను డాక్టర్?”

“వాళ్లు... వాళ్లంతా ఏం రాశారు?”

“చాలామంది ఒకటే రాశారు. పోయినవాళ్లు ఇచ్చిన పండు అని.”

మృదుల కొంగులోని పండు వంక చూసింది. “అయ్యో, ఎంత పని చేశాను! అన్నీ ఒప్పుకున్నానని రాయి. అందరివీ! ఇప్పుడే ఆపెయ్యి!”

“ఆపేశాను డాక్టర్,” అంది సహాయి. “కానీ అన్ని ఊళ్లలోనూ చల్లడం అయిపోయింది. మీ వీధి ఒక్కటే మిగిలింది.”